లంగరు వేయు చోటు

విశాఖపట్టణపు రేవు ముఖద్వారమునకు ఉత్తరమున మూడు చిన్న కొండలు వరుసగా నిలిచియున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయము, ఒకదానిపై దర్గా, మరియొకదానిపై క్రైస్తవ దేవాలయము కలవు. వానికి దక్షిణమున, సముద్రములోనికి ముక్కు చాచినట్లుండు పెద్దకొండయే డాల్ఫిన్స్ నోస్. నేను ఉపాధ్యాయుడనుగా నున్న దినములలో ఒకప్పుడు విద్యార్థులను ఆ చిన్నకొండలలో నొకదానిపైకి తీసికొని పోయితిని. దూరమున ఒక తెరచాప పడవ గాలికి ఒక ప్రక్కకు ఒరిగి పోవుచుండెను. దానిని చూచి ఒక బాలుడు, "మాస్టారూ, పడవను నడపడం కష్టమా, ఆపడం కష్టమా?" అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఏలయన, వెంటనే చెప్పదగిన సమాధానము నాకు తోచలేదు.

బాటపై బండి ఆగినచోటనే నిలుచును. సముద్రముపై అట్లు కాదు. తెరచాప దించినను గాలి పడవను త్రోయుచునే యుండును. నీటి వాలు లాగుచునే యుండును. మన తీరమున ఈ రెండును ఋతువులను బట్టి దిక్కు మార్చుకొనును. వేసవి మొదలు వానకాలము ముగియువరకు గాలి నైరృతి నుండి వీచును. నీరును తీరము వెంట ఉత్తరముగా సాగును. శరత్కాలము వచ్చునప్పటికి గాలి ఈశాన్యమునకు తిరుగును. నీటి వాలు దక్షిణమునకు మరలును. గాలికి సూటిగా ఎదురు పోగల తెరచాప పడవ లోకమున లేదు. ఎదురు గాలిలో పోవలసివచ్చినచో ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు ఏటవాలుగా పోవుచు, పాము నడచినట్లు మెలికలు తిరుగుచు ముందునకు జరుగవలెను. పది మైళ్ల దూరమునకు పదునైదు మైళ్లు తిరుగుట అందు వింత కాదు. కావుననే పూర్వపు నావికులు, ఉత్తరమునకు ఒక కాలమున, దక్షిణమునకు వేరొక కాలమున బయలుదేరెడివారు.

ఆ బాలుని ప్రశ్నకు సమాధానము నాకు భీమునిపట్టణమున ఒక వృద్ధుడైన మత్స్యకారుని వలన లభించినది. వల బాగుచేసికొనుచు అతడిట్లనెను: "బాబూ, ఒడ్డు కనబడితే మీకు ధైర్యం. గాలి రేగినప్పుడు మాకు ఒడ్డు కనబడితేనే భయం." మొదట ఇది విపరీతముగా తోచును. కాని యోచింపుడు. గాలి సముద్రము వైపు నుండి ఒడ్డునకు వీచుచున్నదనుకొందము. నడిసముద్రమున నున్న పడవ ఆ గాలికి కొంతదూరము కొట్టుకొనిపోయినను మునుగవలసిన పని లేదు. ఒడ్డు చేరువ నున్న పడవకు వెనుదీయుటకు చోటు లేదు. ఎదురు గాలిలో వెలుపలికి పోవుటకు శక్తి చాలదు. అది తుదకు అలలు విరుగుచోట పడి బ్రద్దలగును. తుపాను సూచన కనబడగనే, తీరమున లంగరు వేసియున్న ఓడలు త్రాళ్లు తెంచుకొనియైనను నడిసముద్రమునకు పరుగెత్తుట ఇందువలననే.

అందుచే పడవ ప్రయాణమనగా నడచుట మాత్రమే కాదు. ఎచ్చట నిలుపవచ్చునో ఎరుగుట. లంగరు బరువే పడవను నిలుపునని మనమందరము అనుకొందుము. అది సగమే నిజము. లంగరు కొక్కెము నేలలో గ్రుచ్చుకొని పట్టవలెను. అట్లు పట్టవలెనన్నచో దానిని త్రాడు పైకి ఎత్తక, నేల వెంబడి అడ్డముగా లాగవలెను. అందులకై నీటి లోతునకు ఐదారింతల పొడవు త్రాడు వదలుదురు. అడుగున బురదయో ఇసుకయో యున్న పట్టు దొరకును. చట్టురాయి యైనచో లంగరు జారిపోవును. కనుపింపని ఆ నేలను తెలిసికొనుటకు పూర్వులు ఒక ఉపాయము కనుగొనిరి. సీసపు గుండు అడుగున చిన్న గుంట చేసి, అందు కొవ్వు నింపి, త్రాటితో నీటిలోనికి విడిచెడివారు. త్రాడు లోతును చెప్పును. కొవ్వునకు అంటుకొని వచ్చిన ఇసుకయో బురదయో నేలను చెప్పును. లంగరు వేసిన పిమ్మట ఒడ్డున నున్న గుడి గోపురమును, దాని వెనుక తాడిచెట్టును ఒకే వరుసలో నుండునట్లు గుర్తు పెట్టుకొందురు. కొంతసేపటికి ఆ వరుస చెదరినచో లంగరు జారుచున్నదన్నమాట. అర్ధరాత్రమైనను సరంగు లేవవలసినదే.

ఇక మన తీరమున నిలుచుటకు తగిన చోటులెన్ని? చాల కొలది. భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ పేరుపడిన రేవులే. కాని అవి తెరపి రేవులు. ఓడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేసికొని నిలిచెడివి. సరకులను, మనుష్యులను మసూలా పడవలు చేరవేసెడివి. ఆ పడవల పలకలకు మేకులుండవు. కొబ్బరినారతో కుట్టినవగుటచే అల ఎత్తి కొట్టినను అవి వంగునే కాని విరుగవు. కాకినాడ అదృష్టము వేరు. గోదావరి తెచ్చిన ఇసుక సముద్రములో పొడవైన తిన్నెగా పేరుకొని, అఖాతమునకు గోడవలె అడ్డు నిలిచినది. దాని పేరే హోప్ దీవి. ఆ గోదావరియే కోరంగి రేవును మాత్రము పూడ్చివేసినది. ఓడలు కట్టుటలో పేరెన్నికగన్న కోరంగి 1789లోను, 1839లోను భయంకరమైన తుపానులకు గురియైనది. హెన్రీ పిడ్డింగ్టన్ అను పరిశోధకుడు ఇట్టి తుపానులను పరిశీలించియే సైక్లోను అను మాటను కల్పించెను.

పడవ పగిలి ఒడ్డున పడిన నావికుని కష్టము అంతటితో తీరునా? పూర్వము తీరదు. అట్లు కొట్టుకొనివచ్చిన ఓడలోని ధనమంతయు ఆ తీరపు రాజు సొత్తు. సముద్రము విడిచినదానిని రాజు దోచుకొనెడివాడు! ఈ దురాచారమును మాన్పినవాడు కాకతీయ గణపతిదేవుడు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున క్రీ.శ. 1244 ప్రాంతమున ఆయన అభయశాసనము వేయించెను. గాలివానకు చిక్కి ఒడ్డునకు చేరిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు మున్నగువానిని పూర్వరాజులు బలవంతముగా తీసికొనెడివారనియు, తాను ఏర్పరచిన సుంకము తప్ప వేరేమియు గ్రహింపననియు ఆయన ప్రకటించెను. దయ ఒక్కటే దీనికి కారణమని నేననుకొనను. వర్తకులకు భయము పోయినగాని రేవు వర్ధిల్లదని కూడ ఆ రాజెరుగును. ఏమైనను, ఆ శాసనమును చదివిన నావికుని గుండెకు అదియే గట్టి లంగరు.

విశాఖయు మొదట తెరపి రేవే. డాల్ఫిన్స్ నోస్ నైరృతి అలలను కొంత ఆపుచుండెను గాని, ఈశాన్యపు గాలికి చాటు లేదు. కొండ వెనుక నున్న బురదనేలను త్రవ్వి లోపలి రేవును నిర్మించిరి. 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అను ఓడ అందు ప్రవేశించెను. ఇచ్చట పెద్ద శత్రువు ఇసుక. తీరము వెంట ఉత్తరమునకు నడచు ఇసుక రేవు ముఖమును మూసివేయకుండుటకై రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. ఎన్నియో సముద్రములు దాటిన ఓడలు తుదకు ఇతర ఓడలకు కాపుగా నీటిలో కూర్చుండుట నాకు ఎప్పుడును ఆశ్చర్యముగానే యుండును. వెలుపలి రేవు 1976లో ఏర్పడినది.

ఈనాడు చిన్న తెరచాప పడవలకై మెరీనాలను ప్రత్యేకపు రేవులు దేశదేశముల నున్నవి. అందు పడవను నీటిపై తేలు వంతెనకు కట్టి, మంచినీరు నింపుకొని, మరమ్మతులు చేసికొని, సుఖముగా నిద్రింపవచ్చును. మన దేశమున కొచ్చిలోని బోల్గట్టి దీవియందు అట్టిది కలదు.

విశాఖ సముద్రముపై తెరచాప పట్ట నేర్చిన లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి మున్నగు ఆరుగురు నౌకాదళ స్త్రీలు 'తారిణి' అను చిన్న తెరచాప నౌకలో 2017 సెప్టెంబరు 10న గోవా నుండి భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. వారు ఆగదలచిన రేవులు నాలుగే: ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండులో లిటిల్టన్, ఫాక్లాండు దీవులలో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్. తిరుగు ప్రయాణమున చుక్కాని యంత్రము చెడెను. అనుకొనని ఐదవ రేవుగా మారిషస్‌లో ఆగి, దానిని బాగుచేయించుకొని, 2018 మే 21న గోవా చేరిరి. మొత్తము 254 దినములలో వారు సముద్రముపై గడపినవి 199; తక్కిన 55 దినములును రేవులలో ఆగి గడపినవే.