పెంపుడు పిల్లులలో జీర్ణకోశ సమస్యలు: గుర్తింపు, యాజమాన్యం

‘లంఖణం పరమౌషధం’ అన్న నానుడిని అనుసరించి, వాంతులు చేసుకుంటున్న పిల్లిని రెండు మూడు రోజులు పస్తు ఉంచి వేచి చూసే యజమానులు ఉన్నారు. ఒకటి రెండు పూటల పస్తు పెద్ద కుక్కకు అంతగా హాని చేయకపోవచ్చు. పిల్లికి రోజుల తరబడి పస్తు ప్రాణాంతకం కాగలదు. పిల్లి సంపూర్ణ మాంసాహారి. ఆహారం అందకపోయినా దాని కాలేయం మాంసకృత్తుల వినియోగాన్ని తగినంతగా తగ్గించుకోలేదు. పస్తు కొనసాగితే శరీరంలోని కొవ్వు కాలేయంలో పేరుకుపోయి కామెర్లు కలుగుతాయి. స్థూలకాయం గల పిల్లులలో ఈ ముప్పు అధికం. కనుక 24 గంటలపాటు ఏమీ తినని పిల్లిని పశువైద్యునికి చూపించాలి. కూనల విషయంలో అంతవరకు కూడా ఆగరాదు.

గుర్తించవలసిన లక్షణాలు

పిల్లి తన బాధను సులభంగా బయటపెట్టదు. ఆహారం తగ్గించడం, మూలల్లో దాక్కోవడం, ఒంటిని నాకి శుభ్రపరచుకోకపోవడం తొలి సూచనలు. పొట్ట కండరాలు బిగబట్టి ఆహారాన్ని బయటకు నెట్టితే అది వాంతి; ప్రయాస లేకుండా తిన్నది తిన్నట్లే వెలుపలికి వస్తే లోపం అన్నవాహికలో ఉండవచ్చు. చిగుళ్లు జిగటగా ఉండటం, మెడపై చర్మాన్ని పైకి లాగి వదిలినపుడు నెమ్మదిగా సర్దుకోవడం శరీరంలో నీరు తగ్గిందనడానికి గుర్తులు.

ముఖ్య కారణాలు

* పాలు: తల్లిపాలు మానిన తరువాత లాక్టేజ్ ఎంజైము తగ్గుతుంది. అందువల్ల అనేక పిల్లులలో పాలు విరేచనాలు కలిగిస్తాయి.
* వెంట్రుకల ఉండలు: అరుదుగా కక్కడం సహజం. తరచుగా జరిగితే పరీక్ష అవసరం.
* పరాన్నజీవులు: ఏలిక పాములు, కొంకి పురుగులు, బద్దె పురుగులు.
* పాన్‌ల్యూకోపీనియా వైరస్: పేగు లోపలి పొరను, తెల్ల రక్తకణాలను నాశనం చేస్తుంది. కూనలలో మరణాలు అధికం.
* దారం: ఒక కొన నాలుక కింద చిక్కుకొని, మిగిలినది పేగులను కోయవచ్చు. కనిపించిన కొనను లాగరాదు.

మగపిల్లి ఇసుక తొట్టెలో పదే పదే ముక్కుతుంటే మలబద్ధకమని భావించరాదు. మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. ఇది అత్యవసర స్థితి. వెంటనే వైద్యశాలకు తరలించాలి.

యాజమాన్య పద్ధతులు

* ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన ఎముకలు లేని కోడి మాంసాన్ని కొద్ది కొద్దిగా పలుమార్లు పెట్టాలి. ఇది కొద్ది రోజులకే పరిమితం. దీర్ఘకాలం సమతులాహారం తప్పనిసరి.
* కొత్త ఆహారాన్ని 7–10 రోజుల్లో క్రమంగా అలవాటు చేయాలి.
* నీటి పాత్రలను ఆహారానికి దూరంగా, ఒకటికి మించి ఉంచాలి.
* కూనలకు 3వ వారం నుండి పాలు మానే వరకు 2 వారాలకొకసారి, తరువాత 6 నెలల వయసు వరకు నెలకొకసారి, బరువును బట్టి పురుగుల మందు ఇవ్వాలి.
* పాన్‌ల్యూకోపీనియా టీకాను 6–8 వారాల వయసులో ప్రారంభించి, 3–4 వారాల వ్యవధితో కనీసం 16 వారాల వయసు వరకు కొనసాగించాలి.
* మనుషుల మందులు ఇవ్వరాదు. పారాసిటమాల్‌ను విచ్ఛిన్నం చేసే సామర్థ్యం పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్రతోనే మరణం సంభవించవచ్చు.

సలహా కోరిన యజమానిని విస్తరణ సిబ్బంది ముందుగా మూడు ప్రశ్నలు అడగాలి: పిల్లి చివరిసారి ఎప్పుడు తిన్నది, మూత్రం పోస్తున్నదా, ఇంట్లో ఏ మందు ఇచ్చారు? ఇంటివద్ద సంరక్షణ సరిపోతుందా, తక్షణ చికిత్స అవసరమా అన్న నిర్ణయానికి ఈ సమాధానాలు ఆధారమవుతాయి.