పాత పడవ మోటారు వేడెక్కుతోందా? ముందు నీటి దారి చూడండి

కొయ్యూరు: ఏరు నిండుగా పారుతున్న వేళ, పడవ నడిమధ్యకు చేరాక మోటారు వేడెక్కి ఆగిపోతే అందులోని వారంతా ప్రవాహం పాలవుతారు. మన్యంలో ఇది ఊహించుకుని భయపడే మాట కాదు. 2022 జూలైలో గోదావరి వరద భద్రాచలం వద్ద 71.3 అడుగులకు చేరినప్పుడు నాటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, ఎటపాక మండలాల ముంపు గ్రామాలకు మోటారు పడవలే దిక్కయ్యాయి. సీలేరుకు ఎగువన ఒడిశాలోని బలిమెల జలాశయం ఆవలి గ్రామాలకు 2018 జూలైలో గురుప్రియ వంతెన ప్రారంభమయ్యే వరకు పడవలు, లాంచీలే ఆధారం. ఇటువంటి చోట్ల పాత మోటారు వేడెక్కడానికి కారణాన్ని సకాలంలో కనిపెట్టడం ప్రాణరక్షణతో సమానం.

పడవ వెనుక చెక్కకు బిగించే ఈ మోటార్లకు ఆదరణ తెచ్చినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్. 1909లో ఆయన తయారు చేసిన మోటారు నాటి నుంచి రూపం ఎంత మారినా, నీటితో చల్లబడే మోటార్లలో మూలసూత్రం ఒక్కటే. వీటికి లారీలకు ఉన్నట్లు రేడియేటరు ఉండదు. ఏటి నీటినే పీల్చుకుని, ఇంజన్ చుట్టూ తిప్పి, తిరిగి ఏటిలోకే వదులుతాయి. పొడవాటి షాఫ్టుతో గాలికి చల్లబడే డీజిల్ ఇంజన్లకు ఈ వివరాలు వర్తించవు.

నీరు వెళ్లే దారి

మోటారు అడుగు భాగంలో, ప్రొపెల్లరుకు పైన జల్లెడ వంటి రంధ్రాలుంటాయి. వాటి గుండా వచ్చిన నీటిని ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం పైకి తోస్తుంది. ఆ నీరు సన్నని గొట్టం ద్వారా సిలిండర్ల చుట్టూ ఉన్న దారుల్లోకి చేరుతుంది. తగిన వేడి రాగానే థర్మోస్టాట్ తెరుచుకుని దానిని బయటకు వదులుతుంది. అందులో కొంత భాగం మోటారు వెనుక నుంచి సన్నని ధారగా చిమ్ముతుంది. నీరు తిరుగుతున్నదని పడవ నడిపే వ్యక్తికి తెలియజేసే గుర్తు ఇదే.

ధార ఆగిపోతే మోటారును వెంటనే నిలిపివేయాలి. అలాగే నడిపితే పిస్టన్ వ్యాకోచించి సిలిండరులో బిగుసుకుపోతుంది. ఇంజన్ సీజైందని మెకానిక్కులు అనేది దీనినే. వేడెక్కిన ఇంజన్‌పై చన్నీళ్లు గుమ్మరించరాదు. లోహం పగిలే ప్రమాదం ఉంది.

తనిఖీ కింది నుంచి పైకి

మోటారు ఆపి, చల్లారిన తరువాత మొదట ధార వచ్చే రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేయాలి. చాలాసార్లు బురద గడ్డో, పురుగు గూడో అక్కడ అడ్డుపడి ఉంటుంది. తరువాత అడుగు జల్లెడకు నాచు, ప్లాస్టిక్ సంచి, వల దారం చుట్టుకున్నాయేమో చూడాలి.

రెండూ సరిగా ఉన్నా ధార రాకపోతే అనుమానం ఇంపెల్లర్‌పైకి పోవాలి. పొలంలో నీటి పంపు విప్పిన మెకానిక్కుకు ఈ పని కొత్త కాదు. ఏళ్ల తరబడి మూల పడి ఉన్న మోటారులో రబ్బరు రెక్కలు ఒకవైపు వంగి, గట్టిపడి, నీటిని తోయలేకపోతాయి. రెక్క విరిగి ఉంటే ఆ ముక్కలన్నింటినీ వెదకి తీయాలి. ఒక్క ముక్క పై గొట్టంలో మిగిలినా కొత్త ఇంపెల్లర్ వేసిన ప్రయోజనం ఉండదు. రెక్కలు బాగుండి, చక్రం తిరగకపోతే దానిని షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న తాళం విరిగిందేమో చూడాలి. వరద నీటిలోని ఇసుక పంపు గోడలను గీరి వేస్తుంది; గీతలు లోతుగా ఉంటే ఆ భాగాన్నీ మార్చవలసిందే.

ధార ఉన్నా వేడెక్కితే

ధార బలంగా ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్లు కాదు. కొన్ని మోటార్లలో నీరు ఇంజన్ పైభాగానికి చేరకముందే ధార చీలిపోతుంది. అప్పుడు థర్మోస్టాట్‌ను విప్పి, నీటి గిన్నెలో దారంతో వేలాడదీసి, ఉష్ణమాపకం పెట్టి కాచాలి. అనేక పాత మోటార్లలో అది 50 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకోవాలి. దానిపై ముద్రించిన అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. మరిగే నీటిలోనూ తెరుచుకోకపోతే దోషం దొరికినట్లే.

వేడి ఎప్పుడు పెరుగుతున్నదో కూడా గమనించాలి. నెమ్మదిగా నడిపేటప్పుడు వేడెక్కి, వేగం పెంచగానే తగ్గితే ఇంపెల్లర్ అరిగిందని భావించవచ్చు. వేగంలో మాత్రమే వేడెక్కితే జల్లెడ కొంత మూసుకుపోవడం గానీ, మోటారును మరీ ఎత్తుగా బిగించినందున నీటికి బదులు గాలిని పీల్చడం గానీ కారణం కావచ్చు. సముద్రంలో వాడి తెచ్చిన మోటారైతే లోపలి దారుల్లో ఉప్పు పేరుకుని ఉంటుంది.

ఒక సిలిండరు ప్లగ్ మాత్రమే కడిగినంత శుభ్రంగా కనిపించినా, దానిపై నీటి చెమ్మ ఉన్నా హెడ్ గాస్కెట్ దెబ్బతిన్నదని అనుమానించాలి. రెండు సిలిండర్ల కంప్రెషన్ కొలిచి పోల్చితే విషయం మరింత స్పష్టమవుతుంది. నీరు సక్రమంగా తిరుగుతూనే వేడెక్కితే ఇంధనంలో ఆయిల్ పాలు, కార్బురేటర్ పరిశీలించాలి. ఆయిల్ తగ్గినా, ఇంధనం చాలకపోయినా రెండు స్ట్రోకుల ఇంజన్ త్వరగా కాలిపోతుంది.

వానలకు ముందే

మరమ్మతు తరువాత మోటారును పొడిగా స్టార్టు చేసి చూడడం పెద్ద పొరపాటు. నీరు లేకుండా కొద్ది క్షణాలు తిరిగినా కొత్త ఇంపెల్లర్ రెక్కలు మాడిపోతాయి. జల్లెడ పూర్తిగా మునిగేలా నీరు నింపిన డ్రమ్ములో, ప్రొపెల్లరు తీసి, న్యూట్రల్‌లో నడిపి ధారను పరీక్షించాలి. బురద నీటిలో తిరిగి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో ఇదే విధంగా కడగాలి.

ఇంపెల్లర్‌కు అయ్యే ఖర్చు పిస్టన్, సిలిండరు మార్చే ఖర్చుతో పోలిస్తే స్వల్పం. అందువల్ల ఏటా తొలకరికి ముందే దానిని విప్పి చూసి, అదనంగా మరొకటి పడవలో ఉంచుకోవడం మేలు. మోటారు ఎంత నమ్మకమైనదైనా తెడ్లు, లంగరు తాడు, మనిషికొక లైఫ్ జాకెట్ లేకుండా పడవను ఒడ్డు నుంచి కదపరాదు.