మాట ఇచ్చిన పిల్లవాడు

మా పెద్దవాడు స్కౌటు క్యాంపుకు వెళతానన్న రోజున ఇంట్లో చిన్న రభసే జరిగింది. "రాత్రిపూట డేరాలో పడుకోవాలట! పురుగూ పుట్రా ఉండవూ?" అని మా ఆవిడ. "ప్రార్థనలు చేయిస్తారటగా, ఏ దేవుడికో కనుక్కున్నావట్రా?" అని మా అమ్మ. నేను గుమాస్తాను. చదవనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టను. కాబట్టి ముందు ఈ ఉద్యమం సంగతి కాస్త తెలుసుకున్నాను. మన సంఘంలోని తలిదండ్రులకు పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

దీని వేళ్లు భక్తిలోనే ఉన్నాయి. 1883లో గ్లాస్గో నగరంలో విలియం అలెగ్జాండర్ స్మిత్ అనే ఆయన, ఆదివారపు బడి పిల్లలకు దైవభక్తితోపాటు కవాతూ క్రమశిక్షణా నేర్పడానికి బాయ్స్ బ్రిగేడ్ స్థాపించాడు. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ ద్వీపంలో 20 మంది బాలురతో తొలి క్యాంపు పెట్టినప్పుడు, కలవారి బిడ్డలతోపాటు ఆ బ్రిగేడ్ పిల్లలనూ పిలిచాడు. నాలుగు దళాలు చేసి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క బాలుడికి అప్పగించాడు. పెద్దలు ఒక అడుగు వెనక్కు వేస్తే పిల్లలు ఒక అడుగు ముందుకు వేస్తారన్నది ఆయన నమ్మకం.

మన దేశంలో తొలి స్కౌటు దళం 1909లో మా బెంగుళూరులోనే ఏర్పడింది. అయితే ఆ రోజుల్లో అది తెల్లవారి పిల్లలకూ, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. మన పిల్లల కోసం 1917లో మద్రాసులో అనిబిసెంటు వేరే సంఘం స్థాపించింది. చివరకు 1950 నవంబరు 7న సంఘాలు ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయినాయి.

ఇక మా అమ్మ ప్రశ్నకు జవాబు. దైవం పట్ల, దేశం పట్ల తన విధిని శక్తికొద్దీ నెరవేరుస్తానని స్కౌటు ప్రతిజ్ఞ చేస్తాడు. 'దైవం' అనడానికి బదులు 'ధర్మం' అనవచ్చు. క్యాంపులో జరిగేది సర్వధర్మ ప్రార్థన. ఎవరి దేవుడు వారికే ఉంటాడు.

సరే, పంపాము. మావాడిని ఆరుగురి దళానికి నాయకుణ్ణి చేశారు. డేరా చుట్టూ నీళ్లు పోవడానికి కాలువ తీయించడం వాడి పని. పొద్దుపోయింది, రేపు చూద్దామనుకున్నాడు. నడిరాత్రి వాన కురిసి పక్కలన్నీ తడిశాయి. తన పొడి దుప్పటి అందరిలోకీ చిన్నవాడికి కప్పి, తెల్లవార్లూ కూర్చున్నాడట. ఉదయం మాస్టారు అడగకముందే "తప్పు నాదే సార్" అన్నాడట. ఆయన తిట్టలేదు. చేతికి పార ఇచ్చాడు.

వాడు ఇది చెబుతుంటే నేను వాడి ముఖంలోకి చూడలేకపోయాను. చాలా ఏళ్ల క్రితం నేను ఆఫీసులో ఒక ఉత్తరం పంపడం మరచి, తపాలా కట్టలో పెట్టానని బుకాయించాను. మాట బంట్రోతు పడ్డాడు. రోజూ దీపం పెట్టి దండం పెట్టే నాకు ఆనాడు నోరు పెగలలేదు.

ఎవరూ చూడనిచోట మాట నిలుపుకోవడమే భక్తి అని ఆ వానే మావాడికి నేర్పింది. మీ పిల్లలనూ పంపండి. దుప్పట్లు మాత్రం రెండు సర్దండి.