నిద్ర పట్టకపోతే మంచం దిగు

నిద్ర పట్టడం లేదని నోరు జారావో, తల్లీ, నీకు సలహాలకు కొదవుండదు. "పెందలాడే పడుకో" అంటారు. "పట్టకపోయినా కళ్లు మూసుకుని అలాగే పడుంటే అదే వస్తుంది" అంటారు. "రాత్రి పోయిన నిద్ర మధ్యాహ్నం తీర్చుకో" అంటారు. మూడూ ప్రేమతో చెప్పే మాటలే. కానీ నెలల తరబడి నిద్రలేమితో వేగుతున్నవాళ్ల విషయంలో మూడూ పొరపాటే.

ఒకటి రెండు రాత్రులు పట్టకపోతే అది జబ్బు కాదులే. పరీక్షలప్పుడు, ఇంట్లో పెళ్లిపనులప్పుడు ఎవరికి కంటినిండా నిద్ర ఉంటుంది? వారానికి మూడు రాత్రులైనా అలా గడిచి, పగటి పని కూడా దెబ్బతింటూ, మూడు నెలలు సాగితేనే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అమెరికాలో ఆర్థర్ స్పీల్‌మన్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. 1987లో ఆయనా సహచరులూ ఒక సంగతి తేల్చి చెప్పారు. నిద్ర చెడటానికి పుట్టుకతో వచ్చిన తత్వం కొంత కారణం. పైన వచ్చిపడిన కష్టం కొంత కారణం. ఆ కష్టం గట్టెక్కాక కూడా నిద్రలేమిని పెంచి పోషించేవి మాత్రం, దాన్ని పోగొట్టుకోవాలని మనం చేసుకున్న అలవాట్లేనట. ఆపరేషన్ అయిన మనిషి కొన్నాళ్లు పగలూ రాత్రీ మంచం మీదే ఉంటాడు. గాయం మానుతుంది, పగటి కునుకు మాత్రం మానడు. ఇక రాత్రికి ఏం మిగులుతుంది?

ఇంతకంటే ముందే, 1972లో, రిచర్డ్ బూట్జిన్ అనే మరో శాస్త్రవేత్త మంచం సంగతి పట్టుకున్నాడు. పావ్‌లోవ్ కుక్కల కథ చిన్నప్పుడు చదివావుగా. తిండికి ముందు ఒక చప్పుడు వినిపించడం అలవాటైతే, తిండి లేకపోయినా ఆ చప్పుడుకే వాటికి లాలాజలం ఊరేది. మన మెదడూ అలాగే జతలు కట్టుకుంటుంది. రోజూ మంచం మీద దొర్లుతూ, ఈఎంఐలు లెక్కేస్తూ, ఆఫీసులో పడ్డ మాట నెమరేస్తూ ఉంటే, కొన్నాళ్లకు దిండు మీద తల ఆనగానే మెదడు మెలకువకు సిద్ధమైపోతుంది. అందుకే టీవీ ముందు కుర్చీలో గురకపెట్టే మీ బాబాయి, మంచం ఎక్కగానే గుడ్లగూబలా చూస్తుంటాడు. ఊరెళితే, రైలెక్కితే హాయిగా పడుకునేవాళ్లు కూడా ఈ బాపతే.

బూట్జిన్ చెప్పిన వైద్యం వినడానికి మొరటుగా ఉంటుంది. కళ్లు మూతలు పడుతుంటేనే మంచం ఎక్కు. అక్కడ నిద్ర తప్ప మరో పని వద్దు. ఫోనొద్దు, తిండొద్దు, తగాదాలొద్దు. (సంసారానికి మినహాయింపు ఇచ్చాడులే ఆ మహానుభావుడు.) ఓ పావుగంట, ఇరవై నిమిషాలైనట్టు అనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలోకి పో. మళ్లీ కునుకు ముంచుకొస్తేనే తిరిగి రా. ఎన్నిసార్లు లేవాల్సొచ్చినా అంతే. తెల్లారి మాత్రం రోజూ ఒకే వేళకు లే. వేరే గది అనేమాట ఆయన ఊళ్లో చెల్లుతుంది. ఒక్క గది కొంపల్లో తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నా చాలని నా అభిప్రాయం. చాప మీద పడుకునేవాళ్లకు చాపే మంచం. గడియారం మాత్రం చూడకూడదు. చూశావంటే, తెల్లవారడానికి ఇంకా ఎన్ని గంటలుందో కూడికలూ తీసివేతలూ మొదలవుతాయి.

స్పీల్‌మన్ పద్ధతి ఇంకా చిత్రం. పదింటికి పడుకుని ఆరింటికి లేచే మనిషి ఎనిమిది గంటల్లో నిజంగా నిద్రపోయేది అయిదున్నర గంటలే అనుకో. నూటికి 69 పాళ్లన్నమాట. అయితే నీకు మంచం మీద అయిదున్నర గంటలే చోటు, రాత్రి పన్నెండున్నర దాకా అటు పోవద్దు అంటాడు! మంచం మీద గడిపే కాలంలో 85, 90 పాళ్లు నిద్రే అయ్యాక, పావుగంట చొప్పున పెంచుకుంటూ పోతారు.

ఇదేం అన్యాయం అనకు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ, నిద్ర ఒత్తిడిని పెంచుతుంది. పగటి కునుకు దాన్ని కరిగించేస్తుంది. సాయంత్రం జంతికలు తిని రాత్రి అన్నం సయించడం లేదంటే ఎలాగో, ఇదీ అంతే. కాఫీ అయితే ఆ అడినోసిన్‌ పనిచేసే చోట్లలో తాను కూర్చుంటుంది. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదారు గంటలు కావాలి. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్న మన పెద్దలకు అడినోసిన్ పేరు తెలియదు గాని, దాని పని బాగానే తెలుసు.

ఈ మంచం కోత మాత్రం సొంత వైద్యంగా చేసుకునేది కాదు. మూర్ఛ ఉన్నవాళ్లకు, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు నిద్ర తగ్గించడం ప్రమాదం. లారీ నడిపేవాళ్లు, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు మరీ జాగ్రత్తపడాలి, మొదటి వారం రెండు వారాలు పగలు మగతగా ఉంటుంది. గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు ముందు దానికి పరీక్ష జరగాలి.

ఇక బెంగ సంగతి. "ఇవాళ పట్టకపోతే రేపు నా పని అయిపోయినట్టే" అనుకునే మనిషికి నిద్ర ఎలా వస్తుంది చెప్పు? అలవాట్లు మార్చడం ఈ చికిత్సలో ఒక సగమైతే, ఆ ఆలోచనను నిలదీయడం రెండో సగం. నిన్న సరిగా పడుకోలేదు, అయినా ఇవాళ ఆఫీసుకెళ్లావా లేదా, వంట చేశావా లేదా అని నెమ్మదిగా లెక్క అడుగుతారు. విక్టర్ ఫ్రాంకల్ అనే వియన్నా వైద్యుడు ఇంకో కొంటె ఉపాయం చెప్పాడు: నిద్రపోవాలని ప్రయత్నించకు, మెలకువగా ఉండటానికి ప్రయత్నించు. పట్టుదల సడలితే నిద్ర తనంతట తనే వస్తుంది. రేపటి పనుల గోల ఉంటే కాగితం మీద పెట్టు. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 57 మంది కుర్రవాళ్ల చేత పడుకునే ముందు అయిదు నిమిషాలు రాయించారు. చేయాల్సిన పనులు రాసినవాళ్లు, చేసేసిన పనులు రాసినవాళ్లకంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగానట.

మాత్రలుండగా ఇంత తంటా ఎందుకంటావా? 1999లో చార్లెస్ మోరిన్ అనే పరిశోధకుడి బృందం 78 మంది పెద్దవయసువాళ్లలో రెండు వైద్యాలనూ పోల్చింది. మొదట్లో మాత్రలూ పనిచేశాయి. కాలం గడిచేకొద్దీ గుణం నిలిచింది అలవాట్లు మార్చుకున్నవాళ్లకే. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్, పెద్దవాళ్ల దీర్ఘకాలిక నిద్రలేమికి ముందుగా ఇవ్వాల్సింది అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే ఈ చికిత్సేనని డాక్టర్లకు సిఫారసు చేసింది. అలాగని వాడుతున్న మాత్రలు ఈ రాత్రే పారేయమనడం లేదు. ఉన్నపళంగా ఆపితే కొన్ని మాత్రలు తిరగబడతాయి; డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఎవరిని అడగాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు మాత్రం ఓ రెండు వారాలు నిద్ర డైరీ రాసి పట్టుకెళ్లు. ఎప్పుడు పడుకున్నావు, ఎప్పుడు పట్టింది, ఎన్నిసార్లు లేచావు, అన్నీ తెల్లారాక ఉజ్జాయింపుగా రాస్తే చాలు. ఖచ్చితంగా రాయాలని రాత్రంతా మేలుకుని కూర్చోకు.