ఘాట్ కోసం పుట్టిన మొసలి ఇంజన్లు

సికింద్రాబాదు నుంచి పుణె మీదుగా ముంబై వెళ్లే రైలు లోనావలా దాటగానే పశ్చిమ కనుమలు దిగడం మొదలుపెడుతుంది. ఈ భోర్ ఘాట్‌లో దారి 37 మీటర్లకు ఒక మీటరు లెక్కన వాలుతుంది. రోడ్డుకైతే ఇది లెక్కలోకి రాదు. నున్నటి ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రానికి మాత్రం పెద్ద పరీక్షే. బరువైన గూడ్సును పైకి లాగడానికి ఆవిరి ఇంజన్లు నానా తంటాలూ పడేవి.

1925 ఫిబ్రవరి 3న బొంబాయి వీటీ, కుర్లా మధ్య దేశంలోనే మొదటి విద్యుత్ రైలు నడిచింది. దాన్ని నడిపిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే ఆ తర్వాత ఘాట్ల మీద దృష్టి పెట్టింది. గూడ్సు రైళ్ల కోసం ఈఎఫ్/1 అనే ఇంజన్లను తెప్పించింది. 1928 నుంచి వచ్చిన ఈ 41 ఇంజన్లలో మొదటివి స్విట్జర్లాండులోని వింటర్‌థూర్‌లో తయారయ్యాయి. మిగతావి ఇంగ్లండులోని వల్కన్ ఫౌండ్రీలో. స్వాతంత్ర్యం వచ్చాక వీటికి డబ్ల్యూసీజీ-1 అని పేరు మారింది.

నడుమ డ్రైవర్ల గది, అటూ ఇటూ పొడుగాటి ముక్కులు. అందుకే వీటిని మొసళ్లు అన్నారు. ఆ ఆకారం అందం కోసం వచ్చింది కాదు. 1500 వోల్టుల డీసీ విద్యుత్తుతో తిరిగే ఆనాటి మోటార్లు భారీగా ఉండేవి. ఒక్కొక్కటి 650 హార్స్‌పవర్. అలాంటివి నాలుగింటిని, చక్రాలున్న రెండు చట్రాల మీద రెండేసి చొప్పున, ముక్కుల కింద అమర్చారు. వంపుల్లో చట్రంతో పాటు ముక్కూ తిరుగుతుంది కాబట్టి, పొడవైన ఇంజను మలుపుల ఘాట్‌లోనూ సాఫీగా సాగేది.

ఒక్కో చట్రంలోని మూడు ఇరుసులనూ ఉక్కు కడ్డీలతో కలిపారు. విడిగా తిరిగే ఇరుసు తడి పట్టా మీద ఇట్టే జారుతుంది. కలిపితే, ఒకే కాడికి కట్టిన ఎడ్లలా, ఒకటి పట్టు తప్పబోయినా మిగతావి ఆపుతాయి.  ఈ ఇంజన్లకు ‘ఖేకడా’ అనే పేరు కూడా ఉండేది, మరాఠీలో అంటే పీత.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. వాలులో బరువంతా బ్రేకుల మీదే పడితే చక్రాలు కాగిపోతాయి. ఈ ఇంజన్లు దిగేటప్పుడు మోటార్లే జనరేటర్లయ్యేవి. కరెంటు పుట్టించే పనిలో చక్రాల వేగం తగ్గేది. పుట్టిన కరెంటు పై తీగలోకి వెళ్లి, అదే వేళ ఘాట్ ఎక్కుతున్న మరో రైలుకు పనికొచ్చేది.

ఇప్పటి కొత్త ఇంజన్ల గొప్పల్లో మొదట చెప్పేది ఈ విద్యుత్ పొదుపునే. తొంభై ఏళ్ల కిందటే మన కనుమల్లో అది రోజువారీ పని. ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఈ తరగతి ఇంజను ‘సర్ లెస్లీ విల్సన్’ ఉంది. పిల్లలకు చూపించేటప్పుడు ముక్కు దగ్గరే ఆగిపోకుండా, ఆ కడ్డీలనూ చక్రాలనూ కూడా చూపించండి. కొండ అడిగిన ప్రశ్నకు ఇంజనీర్లు ఇచ్చిన జవాబు అక్కడుంది.