జలాశయపు నీటిమట్టము: వసంతమున చేపలు, వానకాలమున వరదలు

కృష్ణానదికి సంవత్సరము పొడవున నీరు సమముగా రాదు. ఆషాఢము మొదలు ఆశ్వయుజము వరకు గల నాలుగు మాసములలోనే ఆ యేటి నీటిలో అధికభాగము పారిపోవును. తక్కిన ఎనిమిది మాసములును పొలములకు, పట్టణములకు, విద్యుచ్ఛక్తికి నీరు కావలసియే యుండును. కావున నదికి అడ్డముగా ఆనకట్టలు కట్టి, వచ్చిన నీటిని నిలువచేసి, మెల్లమెల్లగా వాడుకొందుము. ఇంతవరకు విద్యార్థులెల్లరును పాఠ్యపుస్తకములలో చదివినదే. అయితే జలాశయము నీటిని మాత్రమే దాచునది కాదు. ఖాళీ చోటును కూడ దాచవలెను. ఈ రెండవ సంగతి తెలిసిననే గాని జాలరి బ్రతుకునకును, పట్టణముల క్షేమమునకును జలాశయముతో గల సంబంధము బోధపడదు.

ప్రతి జలాశయమునకును పూర్తిమట్టమని యొకటి కలదు. దీనిని సముద్రమట్టము నుండి లెక్కింతురు. శ్రీశైల జలాశయమునకు ఇది 885 అడుగులు; దానికి దిగువనున్న నాగార్జునసాగరమునకు 590 అడుగులు. వానకాలము ముగియునప్పటికి నీటిని ఈ మట్టమునకు తెచ్చుట అధికారుల కోరిక. అటుపిమ్మట కాలువలకును, విద్యుత్తునకును నీరు వదలుచుండగా మట్టము దిగుచు వచ్చును. ఈ దిగుటను కన్నులార చూడగోరువారు సంగమేశ్వరమునకు పోవచ్చును. అచ్చటి దేవాలయము శ్రీశైల జలాశయములో మునిగి, సంవత్సరములో పెక్కు మాసములు కానరాదు. వేసవిలో నీరు తగ్గిన పిమ్మట మొదట శిఖరము, తరువాత గోడలు, తుదకు ముంగిలి బయటపడును.

ఈ కాలమే చేపలవేటకు అనువైనది. నిండు జలాశయములో నీరు లోతుగను, విశాలముగను ఉండుటచే చేపలు చెదరిపోవును. ఎంత వల వేసినను దొరుకునది కొంచెమే. చైత్ర వైశాఖములలో నీరు తగ్గినకొలది అదే చేప చిన్నచోట గుమిగూడును. అప్పుడు జాలరులు వెదురుతో అల్లిన పుట్టిలోనెక్కి, సాయంకాలమున వలలు కట్టి, తెల్లవారుజామున తీయుదురు. బొచ్చె, రోహు, మోసు, వాలుగ, జెల్ల మొదలగునవి పడును. పెక్కు కుటుంబములకు సంవత్సరపు రాబడిలో ముఖ్యభాగము ఈ రెండు మూడు నెలలలోనే లభించును. బడి జీతములును, అప్పుల వాయిదాలును ఈ రాబడినిబట్టియే తీరును.

అయినను నీరు మితిమీరి తగ్గుటయు చేటే. మిగిలిన కొద్దిపాటి మడుగులలో పెద్దచేపలతోపాటు, రాబోవు వానకాలమున గ్రుడ్లు పెట్టవలసిన తల్లిచేపలును చిక్కిపోవును. సన్నకన్నుల అలివి వలలతో ఈదినచో వేలెడేసి పిల్లలు సైతము మిగులవు. అందుచేతనే అట్టి వలలను నిషేధించియున్నారు. వానకాలారంభమున చేపలు గ్రుడ్లుపెట్టు దినములలో వేట మానవలెనని నియమించియున్నారు. విత్తనపు గింజలను వండుకొని తిన్న రైతు మరుసటి యేడు ఏమి విత్తును?

ఇక చేపల సంతానోత్పత్తికిని నీటిమట్టమునకును గల సంబంధమును చూతము. బొచ్చె, రోహు, మోసు అను మూడును నిలుకడ నీటిలో సాధారణముగా గ్రుడ్లుపెట్టవు. తొలకరి వరద వచ్చి నీరు పారునపుడు అవి ఎదురీది, పల్లపు గట్ల మీదికి క్రొత్తగా ప్రాకిన నీటిలో గ్రుడ్లు విడుచును. ఆ గ్రుడ్లు ఒక దినములోపలనే పొదుగబడును. వేసవిలో బయటపడిన నేలమీద మొలచిన గడ్డి వానకాలమున మునిగి క్రుళ్లి, కంటికి కనబడని సూక్ష్మజీవులను పెంచును. అవియే చేపపిల్లలకు మొదటి ఆహారము. కొఱ్ఱమీనుల జంట మాత్రము ఒడ్డుననున్న నాచులోను, తుంగలోను చోటు చేసికొని గ్రుడ్లుపెట్టి, పిల్లలకు కావలికాయును. కాబట్టి ఏటేట నీరు మెల్లగా దిగుటయు, మెల్లగా ఎక్కుటయు చేపకు మేలేకాని కీడు కాదు. కీడు తెచ్చునది తొందరపాటు. గ్రుడ్లుపెట్టిన మరునాడే నీటిని రెండు మూడు అడుగులు దించినచో గట్టుననున్న గ్రుడ్లు ఎండిపోవును. చేపపిల్లలను వదలిన కొలది దినములకే గేట్లన్నియు ఎత్తినచో వానిలో చాల భాగము నదిపాలగును.

ఇప్పుడు వరద సంగతి. కొంచెము గణితము చేసిన విషయము తేటపడును. సెకనునకు ఒక ఘనపుటడుగు నీరు పారుటను ఒక క్యూసెక్కు అందురు. నూరు కోట్ల ఘనపుటడుగుల నీటిని ఒక టి.ఎం.సి. అందురు. లక్ష క్యూసెక్కుల ప్రవాహము ఒక దినమంతయు పారినచో 8.64 టి.ఎం.సి. లగును. శ్రీశైల జలాశయపు పైభాగమున ఒక అడుగు ఖాళీకి అయిదు టి.ఎం.సి. లకు పైగా పట్టును. పది అడుగుల ఖాళీకి సుమారు 50 టి.ఎం.సి. లు పట్టును.

2009వ సంవత్సరమున ఈ లెక్క పుస్తకము విడిచి ఊళ్లలోనికి వచ్చినది. ఆ యేడు దేశమున 1972 తరువాత అంతటి అనావృష్టి లేదు. కావున వచ్చిన ప్రతి చుక్కను దాచుకొనుట సహజమే; సెప్టెంబరు కడకు శ్రీశైలము దాదాపు నిండియుండెను. అంతలో కృష్ణా తుంగభద్రల పరీవాహమున కుండపోత కురిసెను. జలాశయమునకు వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటెను. ఆనకట్టను నిర్మించునపుడు లెక్కించిన మహావరద 19 లక్షలు మాత్రమే. వచ్చునది 25 లక్షలు, పోవునది 14 లక్షలు అనుకొందము. నడుమ మిగులునది 11 లక్షలు. గంటకు 3,600 సెకనులు గదా! అనగా గంటకు దాదాపు 4 టి.ఎం.సి. ల నీరు అదనముగా చేరును. పది అడుగుల ఖాళీ యున్నచో పదుమూడు గంటల వ్యవధి దొరకును. ఒక్క అడుగే యున్నచో గంటకు కొంచెము పైగా మాత్రమే. నీటిమట్టము 896 అడుగులను దాటెను. తుంగభద్రయు, హంద్రియు కలియుచోట నున్న కర్నూలు పట్టణము అక్టోబరు 2వ తేదీన నీట మునిగెను. ఆనకట్ట మాత్రము నిలిచెను. దిగువను విజయవాడయొద్ద అక్టోబరు 5వ తేదీన ప్రవాహము 11 లక్షల 10 వేల క్యూసెక్కులకు చేరెను. ఎగువను 25 లక్షలు దాటిన వరద దిగువకు ఇంతగా తగ్గుటకు నడుమనున్న జలాశయములు ఆ ఉధృతిని కొంతసేపు తమయందు నిలిపి, క్రమముగా వదలుటయే ముఖ్యకారణము.

అట్లయిన జలాశయమును ఎల్లప్పుడు ఖాళీగా ఉంచరాదా యని బాలురు అడుగవచ్చును. ఉంచినచో, వరద రాని యేట రైతునకు నీరుండదు, పట్టణమునకు త్రాగునీరుండదు. నింపియుంచినచో, వరద వచ్చిన యేట ప్రాణములకు ముప్పు. 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదును మూసీనది ముంచెత్తిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరమునకు ఎగువను వరదను ఆపు జలాశయములు కట్టవలెనని సూచించిరి. ఆ ప్రకారము మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీనదిపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. వరదకై కట్టిన ఆ చెఱువులే పిదప నగరమునకు త్రాగునీరిచ్చినవి. త్రాగుటకు నిండుగా ఉండవలెను; వరదకు వెలితిగా ఉండవలెను. ఒకే కుండకు రెండు కోరికలు!

ఈ చిక్కునకు పెద్దలు కనిపెట్టిన ఉపాయము మాసవారీ పట్టిక. ఏ నెలలో నీరు ఏ మట్టమునకు మించరాదో, ఏ మట్టమునకు దిగరాదో ముందుగనే వ్రాసియుంతురు. వానకాలపు మొదట ఖాళీ ఎక్కువగా ఉంచి, వాన వెనుకబట్టినకొలది నింపుకొనుచు పోవుట దాని సారము. ఎగువ నదుల కొలతలును, వాతావరణ వార్తలును ముందుగా అందినచో వరద రాకమునుపే కొంత నీటిని వదలి చోటు చేయవచ్చును. నీటిని దించుటలోను, ఎక్కించుటలోను దినమునకు ఇంతయని మితము పాటించినచో చేపలకును రక్షణ కలుగును. ఒండ్రుమట్టిని కూడ లెక్కలోనికి తీసికొనవలెను. శ్రీశైల జలాశయము తొలుత 308 టి.ఎం.సి. లు పట్టునని లెక్కించిరి. పిమ్మటి కొలతలలో అది సుమారు 215గా తేలెను. పాతపట్టికను నమ్మి క్రొత్తవరదను ఎదుర్కొనరాదు.

విద్యార్థులకును, తల్లిదండ్రులకును మరియొక మాట. ఆనకట్టకు దిగువనున్న నది వేసవిలో మోకాలిలోతున నిర్మలముగా కనబడును. కాని దాని మట్టము వానవలన గాక గేటువలన మారును. ఆకాశమున మబ్బు లేకున్నను నీరు నిమిషములలో పెరుగవచ్చును. 2014 జూన్ 8వ తేదీన హైదరాబాదునుండి విహారయాత్రకు వెళ్లిన 24 మంది విద్యార్థులు హిమాచల ప్రదేశమున బియాస్ నదిలో, ఎగువ ఆనకట్టనుండి అకస్మాత్తుగా విడిచిన నీటికి బలియైరి. అందుచేత ఆనకట్ట దిగువను రాళ్లపై కూర్చుండుటగాని, స్నానమాడుటగాని, గాలము వేయుటగాని తగదు. కూత విన్నవెంటనే, వినకున్నను నీటిరంగు మారినవెంటనే, సామానులను విడిచి గట్టెక్కవలెను.

నీటిమట్టమును నడుపువారు ఎక్కడనో గేట్ల గదిలో ఉందురు. దాని ఫలమును అనుభవించువారు పుట్టిలోని జాలరియు, పల్లపు వీధిలోని గృహస్థుడును. నేడు ఈ పాఠశాలలో గణితము నేర్చుకొనుచున్న వారిలో కొందరు రేపు ఆ గదిలో కూర్చుండవచ్చును. పట్టికలోని ఒక్కొక్క అడుగు వెనుక ఒకరి వలయు, మరియొకరి గడపయు కలవని అప్పుడు జ్ఞాపకముంచుకొందురు గాక.