ముత్తాతకు ముందెవరు?

శ్రాద్ధము పెట్టు దినమున కర్త మూడు తరముల పెద్దలను పేరుపేరున పిలుచును: తండ్రి, తాత, ముత్తాత. నాలుగవ పేరు పలుకవలసిన పని లేదు. కాబట్టి నాలుగవ పేరును గుర్తుంచుకొన్న ఇల్లు అరుదు. తద్దినములు పెట్టు ఆచారము లేని ఇండ్లలో మూడవ పేరు నిలుచుటయే కష్టము. జోగిపేటలో ఏ తరగతి గదిలోనైనను “మీ ముత్తాత పేరేమి?” అని అడిగినచో కొన్ని చేతులు లేచును. “ఆయన తండ్రి పేరేమి?” అన్నచో లేచిన చేతులును దిగిపోవును.

నోరు మరచినది కాగితము మరచియుండకపోవచ్చును. పాత దస్త్రములలో పూర్వులను వెదకుట ఒక విద్య. జోగిపేటలో అది ఎట్లు సాగునో చూచుటకు ముందు, ఆ విద్యలో ఆరితేరిన ఒక దేశపు పద్ధతి తెలిసికొనుట మేలు.

ఆ దేశము బ్రిటను ద్వీపమునకు ఉత్తర భాగమున నున్న స్కాట్లండు. అచ్చటివారిలో అనేకులు పొట్టకూటికై కెనడాకును ఆస్ట్రేలియాకును ఓడలెక్కి పోయిరి. వారి మనుమలు, మునిమనుమలు నేడు తిరిగి వచ్చి తమ పెద్దలది ఏ ఊరో వెదకికొందురు. వారికి ఆధారము ఎడింబరో నగరమునందలి ప్రభుత్వ దస్త్రముల భాండారము. 1855 జనవరి 1 నుండి స్కాట్లండులో ప్రతి జననమును, వివాహమును, మరణమును ప్రభుత్వము నమోదు చేయుచున్నది. మరణపత్రములో మృతుని తండ్రి పేరే గాక తల్లి పేరును, ఆమె పుట్టినింటి పేరును వ్రాయుదురు. ఒక్క పత్రము దొరకినచో వెనుకటి తరమునకు రెండు తలుపులు తెరచుకొనును. 1841 నుండి తీసిన జనాభా లెక్కలలో ఇంటింటి మనుష్యుల పేర్లు కలవు. నూరేండ్లు గడచిన పిదప వానిని ఎవరైనను చూడవచ్చును. 1921 నాటి లెక్కలు 2022లో వెలికి వచ్చెను. 1855కు ముందు కాలమునకు చర్చి పుస్తకములే దిక్కు. ఎరల్ అను ఊరి పుస్తకము 1553 నాటినుండియు కలదు.

అయితే ఆ పుస్తకములలో అందరును లేరు. 1783లో ప్రభుత్వము నామకరణపు నమోదు ఒక్కొక్కదానికి మూడు పెన్నీల పన్ను విధించెను. 1794లో దానిని తీసివేయువరకు బీదలు పలువురు బిడ్డల పేర్లు వ్రాయించుకొనలేదు. మూడు పెన్నీలు లేక పుస్తకమునకు ఎక్కని ఆ బిడ్డలను చదువరులు గుర్తుంచుకొందురు గాక. జోగిపేటలోను వారివంటివారు ఎదురగుదురు.

జోగిపేట నేటి సంగారెడ్డి జిల్లాలో మంజీరా నదికి చేరువనున్న పట్టణము. 2016 వరకు ఇది మెదకు జిల్లాలోనిది. 1948 వరకు నిజాము రాజ్యములోనిది. నిజాము రాష్ట్ర ఆంధ్ర మహాసభ 1930లో మొదటిసారి కూడినది ఇచ్చటనే. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి అధ్యక్షులు. తెలుగు భాషకు గౌరవము కోరుటకై తెలుగువారు సభ చేయవలసివచ్చిన కాలమది. జనులు తెలుగువారు, దస్త్రములు ఉర్దూవి. పూర్వులను వెదకువానికి ఇది మొదటి చిక్కు.

రెండవ చిక్కు మరియు పెద్దది. స్కాట్లండులోవలె జనన మరణములు వ్రాసిన పాత పుస్తకములు ఇచ్చట ఆసరా కావు. దేశమంతటికి ఒకే తీరుగ జనన మరణముల నమోదును నిర్ణయించిన చట్టము 1969లో వచ్చినది. జనాభా లెక్కల కాగితములలోని ఇంటింటి వివరములు చట్టరీత్యా రహస్యములు. ఎన్ని యేండ్లు గడచినను వంశము వెదకువానికి అవి దొరకవు. కాశి, గయ, హరిద్వారములలో పండాలు యాత్రికుల పేర్లను తరతరములుగ వ్రాసి దాచిన పుస్తకములు కలవు. కాని ఆ దినములలో అంత దూరము పోయి రాగలిగిన కుటుంబములెన్ని?

అట్లని ఇచ్చట కాగితము లేకపోలేదు. ఇచ్చటి ప్రభువులు మనిషిని వ్రాయింపలేదు గాని భూమిని వ్రాయించిరి. భూమి వెంట మనిషి పేరు వచ్చినది.

మొదటి సాలారుజంగు దివానుగా నున్నప్పుడు 1865లో రాజ్యమును జిల్లాలుగ విభజించిరి. 1875లో భూముల సర్వే ఆరంభమైనది. ప్రతి పొలమునకు ఒక సర్వే నంబరు, ఇంత విస్తీర్ణము, ఇంత శిస్తు, పట్టాదారు ఫలానా అని వ్రాసిన మూల పత్రమును సేత్వారు అందురు. తరువాత ఏటేట పైరు వివరములతో వ్రాసినది పహాణీ. 1954-55లో ప్రతి నంబరును మరల పరిశీలించి వ్రాసినది ఖాస్రా పహాణీ. పాత పత్రములపై ఫసలీ సంవత్సరము ఉండును. దానికి 590 కలిపినచో ఆంగ్ల సంవత్సరము తెలియును. 1364 ఫసలీ అనగా 1954-55.

పటాన్‌చెరువులో చదువుకొనుచున్న ఒక బాలుని ఊహింతము. తండ్రి అచ్చటి కర్మాగారమున పనిచేయును. జోగిపేట ఆ బాలునకు బస్సు బోర్డుమీది పేరు మాత్రమే. ఇంటి పెట్టెలో పాత పట్టాదారు పాసుపుస్తకము కలదు. అందు సర్వే నంబరు 112/ఆ అని యున్నది. ఆ అంకెయే దారపు కొస. “ఆ” యున్నదనగా “అ”యు ఎచ్చటనో యుండును. అన్నదమ్ములు పంచుకొన్న గుర్తు కావచ్చును. తహసీలు కచేరీలో దరఖాస్తు పెట్టి 112వ నంబరు పాత పహాణీల నకళ్లు తీసికొన్నచో, ఒకచోట విడిపోని పొలము కనబడును. దాని ఎదుట “రామయ్య వల్ద్ లింగయ్య” అని యుండెననుకొందము. వల్ద్ అనగా కుమారుడు. ఈ ఒక్క మాటలో ఎంత బలమున్నదో చూడుడు! పేరు వ్రాసినచోటనెల్ల తండ్రి పేరు వ్రాయక తప్పదు. కాబట్టి ప్రతి పంక్తియు ఒక తరము వెనుకకు మెట్టు కట్టుచున్నది. పట్టాదారు మరణించినప్పుడు ఫౌతి అని వ్రాసి, వారసులెవరో విచారించి విరాసత్తు చేయుదురు. ఆ విచారణ కాగితము చేజిక్కినచో స్కాట్లండు మరణపత్రము దొరకినట్లే; కొడుకులందరి పేర్లును ఒక్కచోట నుండును.

ఇచ్చట తొందరపడరాదు. మనలో పెద్ద కొడుకునకు తాత పేరు పెట్టు ఆచారము కలదు. స్కాట్లండులోను పూర్వము అట్లే: మొదటి కొడుకునకు తండ్రి తండ్రి పేరు, రెండవవానికి తల్లి తండ్రి పేరు. అందుచేత రామయ్య వల్ద్ లింగయ్య, లింగయ్య వల్ద్ రామయ్య, మరల రామయ్య వల్ద్ లింగయ్య అని పేర్లు గానుగెద్దువలె తిరుగుచుండును. ఇద్దరు రామయ్యలను ఒక్కరిగ భావించినచో రెండు తరములు మాయమగును. ఫసలీ సంవత్సరమును సరిచూచుకొనుచు పోవుటయే దీనికి మందు. ఇంటిపేరు పెక్కుచోట్ల వ్రాయరు గనుక అదే ఊరి మరియొక రామయ్యను మన తాతగ లెక్కించు ప్రమాదమును కలదు. ఆ ప్రమాదమునుండి కాపాడునది సర్వే నంబరు.

ఉర్దూ లిపి చిక్కు వేరు. అందు మాట మొదట ఒకే గీతపైన ఒక చుక్క పెట్టిన నకారము, క్రింద ఒక చుక్క పెట్టిన బకారము, క్రింద రెండు చుక్కలు పెట్టిన యకారము. పట్వారి తొందరలో చుక్కలు విడిచినచో బాలయ్య నాలయ్య యగును. తెలుగు ఒత్తులును హ్రస్వములును అందు సరిగ కనబడవు. కాబట్టి ఉర్దూ చేవ్రాత చదువ నేర్చిన వృద్ధుని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట అవసరము. అట్టివారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

పట్వారీల పద్ధతి 1984లో రద్దయినది. వారి బస్తాలలోని కాగితములు కొన్ని కచేరీలకు చేరెను. చెదలకు, వానకు చేరినవియు కలవు. ఇంకను పాత సంగతులకు హైదరాబాదులో తార్నాకయందలి రాష్ట్ర పురాలేఖన భాండారమునకు పోవలెను. అచ్చట మొగలాయి కాలపు పారసీ పత్రములును కలవు గాని, వానిలో మనసబుదారులు, సైన్యములు కనబడినంతగ రైతు కనబడడు. మంజీరాపై సింగూరు జలాశయము కట్టినప్పుడు మునిగిన పల్లెలవారికి భూసేకరణ పత్రములు మరియొక ఆధారము. నష్టపరిహారమునకై సర్వే నంబరువారీగ పేర్లు అందు వ్రాయబడెను. ఊరు నీటి అడుగున నున్నది. ఊరివారి పేర్లు ఆ పత్రములలో నున్నవి.

ఇంతవరకు చెప్పినది పొలమున్నవారి మాట. పొలము లేనివారి సంగతి ఏమి? పాలేరుగ పనిచేసినవాడును, కూలికి నాట్లు వేసినదియు సేత్వారునకు ఎక్కరు. మూడు పెన్నీల బిడ్డలవలె వారు పుస్తకమునకు వెలుపల నిలిచిరి. పట్టా ఒకరిదై సేద్యము మరియొకరు చేసిన పొలములలో మాత్రము కొంత ఆశ కలదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారుల పట్టికలు వ్రాయించినది. ఖాస్రా పహాణీలో పట్టాదారుతోపాటు కబ్జాదారు పేరును వ్రాసిరి. పెక్కు కుటుంబములకు ప్రభుత్వ కాగితముపై పూర్వుని పేరు తొలిసారి కనబడునది ఆ గడిలోనే.

అదియు లేనివారికి నోటిమాటయే గతి. వంశరాజులని పేరొందిన పిచ్చకుంట్లవారు ఇంటింటి గోత్రములు చెప్పుదురు. చిందువారు మాదిగలకు జాంబపురాణము ఆడుదురు. వారు కులము పుట్టుక చెప్పుదురే గాని ముత్తాత తండ్రి పేరు చెప్పుట వారి కథలోనిది కాదు. అయినను ఏ ఇల్లు ఏ ఊరినుండి కదలి వచ్చినదో వారికి తెలియుట కలదు. బడి ప్రవేశ పుస్తకములును చూడదగినవి. వానిలో తండ్రి పేరు నమ్మవచ్చును. పుట్టినతేది మాత్రము నమ్మరాదు. తల్లిదండ్రులు చెప్పలేనప్పుడు పంతులుగారు తనకు తోచిన తేది వేసిన సందర్భములు కొల్లలు.

ఆడువారి జాడ మరింత కష్టము. దస్త్రములో ఆమె “లక్ష్మమ్మ జౌజె రామయ్య”, అనగా రామయ్య భార్య. ఆమె తండ్రి ఎవరో, పుట్టినూరు ఏదో ఆ పంక్తిలో లేదు. స్కాట్లండు పత్రము తెరచు రెండవ తలుపు ఇచ్చట మూసియే యున్నది. దానిని తెరవగలది ఇంటిలోని ముసలి అవ్వ ఒక్కతెయే. అందుచేత కచేరీకి పోకముందే పలక, బలపము కాక కాగితము, కలము తీసికొని ఆమె వద్ద కూర్చుండవలెను. తాత పేరు పహాణీలో దొరకును. ఆమెను అడుగవలసినది ఆమె తల్లి పేరు, ఆ తల్లి పుట్టినింటి పేరు, ఆమెను ఏ ఊరినుండి తెచ్చి పెండ్లిచేసిరను మాట.